గుర్రాల రోడ్డు మీద రెండు బ్యాటరీల కారు

శాన్‌హోసే అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి ఆఫీసులు, ట్రాఫిక్, గుండె గుభేల్‌మనిపించే అద్దెలు. కానీ ఊళ్లో నిలబడి తూర్పు వైపు తలెత్తి చూస్తే ఒక పెద్ద కొండ, దాని నెత్తిన తెల్లటి గుమ్మటాలు కనిపిస్తాయి. మబ్బు లేని రోజున ఫ్రీవే మీద వెళ్తూ కూడా చూడొచ్చు. ఆ కొండ పేరు మౌంట్ హామిల్టన్. గుమ్మటాలు లిక్ అబ్జర్వేటరీవి. ఎత్తు సుమారు 4,200 అడుగులు. అంటే మన తిరుమల కంటే ఎక్కువే.

నాలుగేళ్లు ఆ కొండ కిందే కాపురమున్నాను. రోజూ చూసేవాణ్ని. ఒక్కసారీ ఎక్కలేదు. వీకెండ్ వస్తే బట్టలుతుక్కోవడం, కాస్ట్‌కో, ఫ్రెండ్స్ ఇంట్లో బిర్యానీ. సోమవారం మళ్లీ స్టాండప్ మీటింగ్. ఉద్యోగం పోయాక గానీ కొండ ఎక్కే తీరిక దొరకలేదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఈలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. నేను చెప్పబోయే ప్రయాణం నా 38వ రోజున జరిగింది.

మా వీధి చివర ఒక అంకుల్ ఉంటారు. తెనాలి ఆయన. అమెరికా వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆంటీ పోయాక ఒక్కరే ఉంటున్నారు. గ్యారేజీ తలుపు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. లోపల 1992 నాటి హోండా సివిక్. దానికి సైలెన్సర్ లేదు, పెట్రోల్ ట్యాంకు లేదు, ఇంజనూ లేదు. ఇంజన్ పీకేసి మోటారు పెట్టింది అంకులే.

ఆ బుధవారం పొద్దున్నే ఫోన్. "ఏం చేస్తున్నావురా?"

"లీట్‌కోడ్ చేస్తున్నా అంకుల్."

"అది రేపూ ఉంటుంది. పులిహోర కలిపాను. కొండకి పోయొద్దాం రా."

గ్యారేజీలో రెండు తరాలు

బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, డిక్కీ తెరిచి మొత్తం చూపించారు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. వైర్లంటే భయం. అయినా ఆయన చెప్పే తీరుకి అర్థమైపోయింది. మీకూ అదే తీరులో చెప్తాను.

డిక్కీలో, వెనక సీటు కింద కలిపి 8 లెడ్ యాసిడ్ బ్యాటరీలు. మన ఇన్వర్టర్‌లో, ఆటోలో ఉండే జాతివే. ఒక్కోటి 12 వోల్టులు. ఎనిమిదీ వరసగా కలిపితే 96. ఒక్కోటి దాదాపు 29 కిలోలు. అంటే 230 కిలోల పైచిలుకు. ముగ్గురు పెద్దమనుషులు దిగకుండా కారులోనే కూర్చున్నట్టు.

ముందు, ఒకప్పుడు ఇంజనున్న చోట, మోటారు పైన ఒక పెట్టె. అందులో 32 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. పుస్తకం సైజులో ఉంటాయి. ఒక్కోటి 3.2 వోల్టులు. మొత్తం 102. బరువు నూట చిల్లర కిలోలే. కానీ 10 యూనిట్ల కరెంటు దాచుకుంటాయి.

"మరి ఆ పాతవి తీసేయొచ్చుగా అంకుల్? బరువెందుకు?" అన్నాను.

ఈ ప్రశ్న ఆయన్ని చాలామంది అడిగారట. ఆ నెలే ఒక కుర్రాడు కారు కొంటానని వచ్చి అదే అన్నాడట. లిథియం ఉంచుకుంటాను, సీసం నాకొద్దు, మీరే తీసేసి ఇవ్వండి అని. అంకుల్ మరుసటి నెలలో చికాగోలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. అక్కడ అపార్ట్‌మెంట్. గ్యారేజీ లేదు. కారు అమ్మక తప్పదు.

"సరేరా, తీసేస్తాను. కానీ ఒకసారి ఈ రెండూ కలిసి కొండెక్కడం చూడాలి. పన్నెండేళ్ల క్రితం ఒట్టి సీసంతో బయల్దేరితే సగం కూడా పోలేక వెనక్కి వచ్చా. ఒట్టి లిథియంతో పోతే పైకి చేరే సరికి ఊడ్చుకుపోతుంది. తిరిగి రావాలిగా. లెక్క ప్రకారం రెండూ కలిస్తేనే పోయి రావాలి. కాగితం మీద లెక్క కుదిరింది. రోడ్డు మీద కుదరాలి."

అదీ పందెం. ఓడితే ఏమవుతుంది? మౌంట్ హామిల్టన్ రోడ్డు మీద పెట్రోల్ బంకే ఉండదు, ఛార్జింగ్ సంగతి దేవుడెరుగు. సిగ్నల్ కూడా చాలా చోట్ల రాదు. టో ట్రక్కు పిలవాలన్నా మలుపు తిరిగి నడవాలి.

రెండు నీళ్ల ట్యాంకులు

రెండు రకాల బ్యాటరీల్ని కలపకూడదనే అందరూ చెప్తారు. అది మంచి మాటే. సైకిల్ ట్యూబులో గాలి, లారీ ట్యూబులో గాలి ఒకటి కాదు. మరి అంకుల్ ఎలా కలిపారు?

"డాబా మీద రెండు నీళ్ల ట్యాంకులున్నాయనుకో. అడుగున గొట్టం వేసి కలిపావు. ఏ దాంట్లో నీళ్లు ఎత్తులో ఉంటే దాంట్లోంచి ముందు పోతాయి. వోల్టేజీ అంటే ఆ ఎత్తే."

లిథియం నిండుగా ఉన్నప్పుడు దాని ఎత్తు 106 వోల్టుల దగ్గర ఉంటుంది. నిండిన సీసం విశ్రాంతిగా ఉంటే 102. కాబట్టి మామూలు రోడ్డు మీద పనంతా లిథియమే చేస్తుంది. సీసం పక్కన కూర్చుని చూస్తుంది. ఇంకో లాభం. లిథియం ఎత్తులో ఉన్నంతసేపూ సీసాన్ని కూడా కొద్దికొద్దిగా నింపుతూ ఉంటుంది. లెడ్ యాసిడ్‌కి ఖాళీ కడుపుతో పడుకోవడమే చావు. సగం ఛార్జితో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకట్టి పాడైపోతుంది. మన ఇళ్లల్లో ఇన్వర్టర్ బ్యాటరీలు తొందరగా చచ్చిపోయేది ఎక్కువగా అందుకే. ఇక్కడ ఆ బాధ లేదు.

మరి సీసం ఎప్పుడు పనికొస్తుంది? ఎత్తెక్కేటప్పుడు. మోటారు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే లిథియం వోల్టేజీ కిందికి వంగుతుంది. ఆ వంగిన చోట సీసం చెయ్యి కలుపుతుంది. లిథియం ఖాళీ అయ్యే కొద్దీ సీసం వాటా పెరుగుతుంది.

ఇదంతా ఊరికే రెండు వైర్లు కలిపేస్తే జరిగేది కాదు. ఒక్కో ప్యాక్‌కి విడిగా ఫ్యూజ్, విడిగా కాంటాక్టర్, విడిగా ఛార్జర్. రెండింటి వోల్టేజీ దగ్గర దగ్గరగా ఉంటేనే కలిపే స్విచ్ పడుతుంది. తేడా ఎక్కువగా ఉండగా కలిపితే ఎత్తు ట్యాంకులోంచి పల్లపు ట్యాంకులోకి నీళ్లు దూకినట్టు వందల ఆంపియర్లు దూకి వైర్లు కరిగిపోతాయి. లిథియంలో ప్రతి సెల్‌నీ కనిపెట్టుకునే బీఎంఎస్ ఉంటుంది. ఏ ఒక్క సెల్ నీరసపడినా ఆ ప్యాక్‌ని తప్పిస్తుంది. ఇక లెడ్ యాసిడ్‌కి నెలకోసారి ఎక్కువ వోల్టేజీతో 'ఈక్వలైజ్' చేయాలి. ఆ వోల్టేజీ లిథియంకి విషం. అందుకే ఆ రోజు రెండింటినీ విడదీసి చేస్తారు. అప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గ్యారేజీ తలుపు బార్లా తీస్తారు. ఆ తలుపు ఎప్పుడూ సగం తెరిచి ఎందుకుంటుందో ఆ రోజు తెలిసింది.

ఆయనకి ఇదంతా ఎక్కడొచ్చింది? తెనాలిలో వాళ్ల నాన్నగారిది బ్యాటరీ ఛార్జింగ్ షాపు. లారీలవి, ట్రాక్టర్లవి, పల్లెల నుంచి సైకిల్ మీద కట్టుకొచ్చిన రేడియో బ్యాటరీలు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే డిస్టిల్డ్ వాటర్ పోయడం, హైడ్రోమీటర్‌తో యాసిడ్ చూడటం ఆయన పని. ఆ రోజు పొద్దున కూడా ఒక్కో సెల్ మూత తీసి చూశారు. "1.270. బంగారం" అన్నారు. ఎనిమిది బ్యాటరీలు, ఒక్కోదానికి ఆరు మూతలు. నలభై ఎనిమిది సార్లు వంగి లేచారు. ఆయన వయసు 68.

గుర్రాలకు దణ్ణం

ఆలమ్ రాక్ అవెన్యూ దాటాక బోర్డు ఉంటుంది. అక్కణ్నుంచి శిఖరానికి సుమారు 19 మైళ్లు. రోడ్డు పుట్టుక తెలిస్తే ప్రయాణం ఇంకా బావుంటుంది.

జేమ్స్ లిక్ అనే ఆయన పియానోలు చేసి, తర్వాత కాలిఫోర్నియాలో భూములు కొని కోటీశ్వరుడయ్యాడు. ఆస్తిలో పెద్ద భాగం పెట్టి ప్రపంచంలో అన్నిటికంటే శక్తిమంతమైన టెలిస్కోప్ కట్టించమన్నాడు. కొండ మీద కట్టాలంటే ముందు రోడ్డు కావాలి. ఆ రోడ్డు 1876లో పూర్తయింది. అదే ఏడాది లిక్ చనిపోయాడు. సామానంతా గుర్రాలు, కంచరగాడిదలు లాగే బళ్ల మీదే పైకెక్కాలి. నిట్రంగా ఉంటే అవి లాగలేవు. అందుకే ఏటవాలు ఎక్కడా ఆరేడు శాతం దాటకుండా, కొండని చుట్టి చుట్టి వేశారు. ఏడాదికి ఎన్ని రోజులో రోడ్డుకి అన్ని మలుపులని చెప్పుకొంటారు. నేను నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను.

"గుర్రాల పుణ్యమేరా మనం ఎక్కగలగడం. ఇదే రోడ్డు ఇప్పుడు వేస్తే నిటారుగా వేసి చచ్చేవాళ్లు. అప్పుడు నా సీసం ఏ మూలకి?" అన్నారు అంకుల్, రెండో గేరులోకి మారుస్తూ.

అవును, గేర్లున్నాయి. ఇలా మార్చిన కార్లలో పాత గేర్‌బాక్స్ అలాగే ఉంచి మోటారుని దానికి తగిలిస్తారు. రెండో గేరులో పాతిక మైళ్ల వేగం. ఇంజన్ చప్పుడు లేదు. టైర్ల కింద కంకర చప్పుడు, ఎక్కడో ఆవు అరుపు, కిటికీలోంచి పచ్చగడ్డి వాసన. ఏప్రిల్ కదా, కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. జూన్ దాటితే ఇదంతా ఎండి గోధుమరంగుకి తిరిగిపోతుంది. ఓక్ చెట్ల కింద ఆవులు. రోడ్డు పక్కన నారింజ రంగు పాపీ పువ్వులు.

డాష్‌బోర్డు మీద రెండు ఆమ్మీటర్లు. ఎడమది లిథియం, కుడిది సీసం. మొదటి ఎత్తులో ఎడమది 140 చూపిస్తోంది, కుడిది 20, 25. నా పని వాటిని ఫోన్‌లో వీడియో తీయడం. కొంచెం సేపటికి బయటి అందాల కంటే ఆ రెండు ముళ్లే ఎక్కువ చూస్తున్నాను.

మౌంట్ హామిల్టన్‌కి ఒక చమత్కారం ఉంది. ఏకబిగిన ఎక్కదు. మొదటి కొండ ఎక్కాక గ్రాంట్ రాంచ్ లోయలోకి దిగుతుంది. మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ స్మిత్ క్రీక్ వాగు దగ్గరికి దిగుతుంది. అక్కణ్నుంచే అసలు ఎక్కుడు. సైకిళ్ల మీద వచ్చేవాళ్లకి ఇది ఒళ్లు మండే సంగతి. కష్టపడి ఎక్కిందంతా రెండుసార్లు పోగొట్టుకోవాలి.

మా కారుకి మాత్రం ఆ రెండు దిగుడులే ఊపిరి. దీని మోటారు పాతకాలపు డీసీ సిరీస్ రకం. కొత్త ఎలక్ట్రిక్ కార్లలా దిగేటప్పుడు కరెంటు పుట్టించదు. కానీ దిగేటప్పుడు బ్యాటరీల మీద బరువు సున్నా. అప్పుడు చూడాలి కుడి ముల్లు! సున్నా దాటి అవతలికి వెళ్లింది. లిథియం సీసంలోకి తిరిగి నింపుతోందన్నమాట. లెడ్ యాసిడ్‌కి ఇంకో గుణం ఉంది. గట్టిగా వాడితే నీరసపడుతుంది. కాసేపు వదిలేస్తే లోపల యాసిడ్ ప్లేట్ల దగ్గరికి మళ్లీ చేరి దానంతటదే తేరుకుంటుంది.

"చూశావా? కాస్త కూర్చోనిస్తే లేస్తుంది. పారేయడానికి ముందు కూర్చోనివ్వాలి" అన్నారు.

నేనేమీ మాట్లాడలేదు. ఆయనా నావైపు చూడలేదు. రోడ్డు చూస్తున్నారు.

చివరి ఏడు మైళ్లు

స్మిత్ క్రీక్ వంతెన దగ్గర ఆగాం. ఫ్లాస్క్‌లో కాఫీ. అప్పటికి లిథియంలో 100 ఆంపియర్ అవర్లకి 60 మిగిలాయి. సీసం దాదాపు నిండుగానే ఉంది. పైన గుమ్మటం నెత్తి మీదే ఉన్నట్టుంది. కానీ రోడ్డు చుట్టూ తిరిగి ఏడు మైళ్లు పోవాలి. ఇక దిగుడు లేదు.

"ఎన్ని రోజులున్నాయి నీకు?" అడిగారు హఠాత్తుగా.

"22."

"ఇంటర్వ్యూలు?"

"రెండు ఆఖరి రౌండ్‌లో ఉన్నాయి. ఒకటి మళ్లీ వాయిదా వేశారు."

"ఊ" అన్నారు. కప్పు కడిగి డిక్కీలో పెట్టారు. ఎక్కాం.

మొదటి మూడు మైళ్లూ మామూలే. తర్వాత మొదలైంది అసలు కథ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వోల్టేజీ చాలాసేపు బల్లపరుపుగా ఉంటుంది. చివర్లో ఒక్కసారిగా జారుతుంది. అది జారడం మొదలుకాక ముందే, దాని ఎత్తు సీసం ఎత్తుకి దగ్గరపడుతుండగానే కుడి ముల్లు లేవడం మొదలుపెట్టింది. 30. 40. ఒక మలుపులో 55. ఎడమ ముల్లు 140 నుంచి 120కి, 105కి తగ్గింది. మోటారుకి వెళ్లే మొత్తం అంతే. మోసేవాళ్ల వాటాలే మారాయి. కాడికి కట్టిన కోడెగిత్త అలసిపోతుంటే పక్కన ముసలెద్దు మెడ వంచి అడుగేసినట్టు.

శిఖరానికి రెండు మైళ్లుందనగా డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. లిథియంలో ఏదో ఒక సెల్ కింది హద్దుకి దగ్గరవుతోందని బీఎంఎస్ హెచ్చరిక. అదే ఎర్ర దీపమైతే ప్యాక్ తప్పుకుంటుంది. అప్పుడు 160 ఆంపియర్లూ సీసం ఒక్కటే మోయాలి.

అంకుల్ కంగారు పడలేదు. యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఎత్తారు. వేగం 25 నుంచి 18కి దిగింది. "తొందరెందుకు? గుర్రాలు ఇంకా నిదానంగా వెళ్లుంటాయి" అన్నారు. లాగే కరెంటు తగ్గగానే వంగిన వోల్టేజీ లేచింది. దీపం ఆరింది. వెనకొచ్చిన మోటార్ సైకిళ్లవాళ్లకి దారిచ్చాం. వాళ్లు దాటుతూ బొటనవేలు చూపించి వెళ్లారు.

అలా పద్దెనిమిది మైళ్ల వేగంతో, దీపం వెలుగుతూ ఆరుతూ ఉండగా, ఆఖరి మలుపు తిరిగేసరికి తెల్లటి గోడ ఎదురొచ్చింది.

కారు ఆపి, స్విచ్ కట్టేసి, కాసేపు స్టీరింగ్ మీద చేతులు అలాగే పెట్టుకుని కూర్చున్నారాయన. తర్వాత జేబులోంచి నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. లిథియం నుంచి 78. సీసం నుంచి 22. మొత్తం సరిగ్గా వంద. ఒట్టి లిథియంతో వచ్చుంటే ఆ గోడ కనబడే చోటే ఆగిపోయేవాళ్లం.

కొండ మీద ఏముంది

పులిహోర పొట్లాలు అబ్జర్వేటరీ మెట్ల దగ్గరే విప్పాం. ఒక వైపు మొత్తం సిలికాన్ వ్యాలీ. నాలుగేళ్లు నేను ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఫ్రీవేలన్నీ దారాల్లా కనిపిస్తున్నాయి. నా పాత ఆఫీసు ఎక్కడుందో వెతికి, దొరక్క ఊరుకున్నాను. ఇంకో వైపు కొండల వెనక కొండలు. గాలి బాగా తేటగా ఉన్న రోజున సియెరా నెవాడా మంచు శిఖరాలు కూడా కనిపిస్తాయట.

లోపల 36 అంగుళాల లెన్స్ ఉన్న పెద్ద టెలిస్కోప్ ఉంది. 1888లో పూర్తయింది. అప్పటికి ప్రపంచంలో లెన్స్ టెలిస్కోపుల్లో ఇదే పెద్దది. 1892లో ఎడ్వర్డ్ బర్నార్డ్ దీంతోనే గురుగ్రహానికి ఐదో చందమామని కనిపెట్టాడు. దాని పేరు అమాల్థియా. గెలీలియో చూసిన నాలుగింటి తర్వాత దొరికిన మొదటిది. ఇక్కడో విచిత్రం. కట్టించిన జేమ్స్ లిక్‌ని ఆ టెలిస్కోప్ కిందే పాతిపెట్టారు. తను పెట్టిన డబ్బు ఏం చూసిందో ఆయన చూడలేదు. కానీ చూపంతా ఆయన మీద నుంచే వెళ్తుంది.

కింద ఊరి దీపాలకీ ఈ కొండకీ సంబంధముంది. వెలుతురు ఎక్కువైతే నక్షత్రాలు కనిపించవని, శాన్‌హోసే నగరం ఏళ్ల తరబడి వీధుల్లో పసుప్పచ్చటి సోడియం దీపాలు వాడింది. ఆ దీపాల వెలుగు ఒకే రంగు కాబట్టి టెలిస్కోపుల్లో దాన్ని వడకట్టేయొచ్చు. 2020 ఆగస్టులో కార్చిచ్చు ఈ గుమ్మటాల చుట్టూ వచ్చింది. ఒక పాత ఇల్లు కాలింది కానీ టెలిస్కోపుల్ని ఫైర్‌వాళ్లు కాపాడారు. నల్లగా కాలిన మొద్దులు దారిలో ఇంకా కనిపిస్తాయి. వాటి మొదట్లో కొత్త చిగుళ్లు కూడా.

అన్నం తిన్నాక అంకుల్ ఈ లోయ గురించి ఒక సంగతి చెప్పారు. ఎలక్ట్రిక్ కార్లంటే అందరూ టెస్లా అంటారు. కానీ ఇక్కడ 1967లోనే ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ మొదలైంది. సొంతంగా గ్యారేజీల్లో కార్లు మార్చుకునేవాళ్ల సంఘం. వాళ్ల కార్లు ఎక్కువగా లెడ్ యాసిడ్‌వే. 1996లో జనరల్ మోటార్స్ తెచ్చిన ఈవీ1 కూడా మొదట లెడ్ యాసిడ్‌తోనే నడిచింది. ఇప్పటికీ చాలా ఎలక్ట్రిక్ కార్లలో దీపాలకీ, తాళాలకీ, కంప్యూటర్ నిద్ర లేవడానికీ ఒక చిన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ ఉంటుంది. పెద్ద లిథియం ప్యాక్ నిండుగా ఉన్నా ఆ చిన్నది చచ్చిపోతే కారు తలుపు కూడా మామూలుగా తెరుచుకోదు.

"అంటే మీవాడు లేకుండా ఎవడూ లేడంటారు" అన్నాను నవ్వుతూ.

"లేడని కాదురా. దాని రోజు అయిపోయింది, నాకు తెలుసు. 230 కిలోలకి లిథియం పెడితే ఈ కొండ రెండుసార్లు ఎక్కొచ్చు. కానీ నా దగ్గర అప్పుడు అంత డబ్బు లేదు. ఉన్నదానికి కొత్తది కొంచెం కలిపి నడుపుకున్నా. అందరూ అలాగే నడుపుకుంటారు" అన్నారు.

దిగుడు

మేం పైన ఉన్న రెండు గంటల్లో సీసం తేరుకుంది. దిగేటప్పుడు రెండు చిన్న ఎక్కుడులు మళ్లీ వచ్చాయి. ఈసారి కుడి ముల్లే ముందు నడిచింది. లిథియం తోడుగా ఉంది. మలుపుల్లో బ్రేకులు వేడెక్కకుండా రెండు చోట్ల ఆగాం. ఇంటికి చేరేసరికి పసుపు దీపం మానకుండా వెలుగుతోంది. గ్యారేజీలోకి ఎక్కే చిన్న గట్టు దగ్గర మాత్రం దిగి నేనే తోశాను. బ్యాటరీ అయిపోయి కాదు. "దాన్ని ఇంకా ఎందుకు కష్టపెట్టడం" అన్నారు, అందుకు.

ఆ రాత్రి నేను తీసిన వీడియో ఆ కొనే కుర్రాడికి పంపించారు. రెండు ముళ్లు, వెనకాల మలుపులు, మధ్యలో మా మాటలు. మర్నాడు జవాబొచ్చింది. బ్యాటరీలు ఏవీ తీయకండి, ఉన్నవి ఉన్నట్టే తీసుకుంటాను, సీసం చచ్చిపోయాక మారుస్తాను అని. అంకుల్ ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు చదివి వినిపించారు.

నా సంగతంటారా? ఆఖరి రౌండ్లు రెండూ కుదరలేదు. 59వ రోజున విమానమెక్కాను. ఇది మియాపూర్‌లో, మా అక్కావాళ్లింట్లో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడో చిన్న కంపెనీలో చేరి మూడు నెలలైంది. జీతం తక్కువే. మెట్రోలో వెళ్తాను. అంకుల్ చికాగో నుంచి ఆదివారాలు ఫోన్ చేస్తారు. మొదటి ప్రశ్న మా ఇన్వర్టర్‌లో నీళ్లు చూశానా అని.

మీరు వెళ్లాలనుకుంటే

* శాన్‌హోసే ఆలమ్ రాక్ వైపు నుంచి శిఖరానికి సుమారు 19 మైళ్లు. కారులో గంట వేసుకోండి. కడుపులో తిప్పే అలవాటుంటే ముందు సీట్లో కూర్చోండి.
* దారిలో పెట్రోల్, తిండి దొరకవు. నీళ్లు, పులిహోర మీవే.
* మార్చి, ఏప్రిల్ నెలలు పచ్చగా ఉంటాయి. చలికాలంలో పైన మంచు కురిస్తే రోడ్డు మూసేస్తారు. అబ్జర్వేటరీ తెరిచి ఉండే రోజులు బయల్దేరే ముందు వాళ్ల సైట్‌లో చూసుకోండి.
* సైకిళ్లు, జింకలు ఎక్కువ. మలుపుల్లో నెమ్మది.

మన దగ్గర చేయాలనుకుంటే

* అమెరికాలో అంకుల్ గ్యారేజీలో చేసింది చూసి ఇక్కడ ఇంట్లో మొదలుపెట్టకండి. మన దేశంలో పాత కారుని ఎలక్ట్రిక్‌గా మార్చాలంటే ఏఆర్‌ఏఐ, ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి ఆమోదించిన కిట్టే వాడాలి. తర్వాత ఆర్టీవో దగ్గర ఆర్సీలో మార్పు రాయించుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి.
* ఆమోదించిన కిట్‌కి మీరు సొంతంగా ఇంకో బ్యాటరీ కలిపితే ఆ ఆమోదం చెల్లదు.
* ఇంట్లో ఇన్వర్టర్‌కి కూడా ఉన్న లెడ్ యాసిడ్ పక్కన లిథియం బ్యాటరీని ఊరికే వైరుతో కలపకండి. ఫ్యూజ్, బీఎంఎస్, విడి ఛార్జింగ్ లేకుండా కలిపితే నిప్పుతో ఆటే.
* పాత లెడ్ బ్యాటరీని చెత్తలో వేయకండి, ఇంట్లో విప్పకండి. సీసం పిల్లల మెదడుకి విషం. కొత్తది కొనేటప్పుడు పాతది షాపువాళ్లకే ఇవ్వండి, డబ్బు కూడా తగ్గిస్తారు. కరిగించి అదే సీసంతో మళ్లీ బ్యాటరీ చేస్తారు.
* ఇన్వర్టర్‌లో డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి చూడండి. ఈ ఆదివారం నేను చూశాను. రెండు సెల్స్‌లో తగ్గింది. పోశాను.